ఒక్కసారే రాస్తానన్న పరీక్ష

డిగ్రీ పట్టా చేతికొచ్చిన రెండేళ్ళకి, ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి చేపల పులుసు కలుపుకుంటూ, నేను డాక్టరు చదువు చదువుతానని మా ఇంట్లో ప్రకటించాను. అమ్మ గరిటె గిన్నెలోనే ఆగింది. నాన్న మాత్రం ముల్లు తీసుకుంటూనే ఉన్నాడు.

"ఏటి సదువుతావు?" అన్నాడు. వినబడక కాదు.

"డాక్టరు."

"నువ్వు సదివింది జాగ్రఫీ గదే."

"అవును."

"జాగ్రఫీ కాడ్నుంచి డాక్టరీకి బస్సుందేటి?"

అమ్మ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నాన్నకి బస్సుల మాట తప్ప మరో పోలిక తోచదు. మేముండేది బర్మాలో, యాంగోన్ ఊళ్ళో తామ్వే పేటలో, నాలుగో అంతస్తులో. ఆయన పని వంతెన అవతల, తన్లిన్ రేవులో, దిగిన పెట్టెలన్నీ చూసి రాసుకోవడం. రోజూ పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి, అప్పట్లో రంగూన్ అనే ఈ యాంగోన్ రేవులోనే మూటలు మోశాడు. తాత కూడా మూటలే మోశాడు. నాన్న దాకా వచ్చేసరికి మూట పోయి పెన్ను వచ్చింది. అంతవరకూ చాలునని ఆయన ఉద్దేశం.

"ఉంది" అన్నాను. ఉందని నాకు నిజంగానే తెలుసు. ఈ దేశంలో డాక్టరు కాలేజీ తలుపు పదో తరగతి మార్కులకి ఒక్కసారే తెరుచుకుంటుంది. ఆ మార్కులు తేవాల్సిన ఏడు నేను ఆర్ట్స్‌లో ఉన్నాను. అలా ఉండమని నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. సైన్సా, ఆర్ట్సా అని బడిలో అడిగితే ఆర్ట్స్ అని చెయ్యెత్తింది నేనే. నదులు, వాటి మలుపులు, పోటు నీళ్ళు ఎంత దూరం వస్తాయి, ఇవన్నీ గీసుకుంటూ కూర్చోవడం నాకిష్టం. ఇప్పటికీ ఆ డిగ్రీ తీసుకున్నందుకు నాకు ఏ విచారమూ లేదు. అయితే ఫిలిప్పీన్స్‌లో కొన్ని కాలేజీలు ఏ డిగ్రీ ఉన్నా సరే, ప్రవేశ పరీక్షలో మార్కులొస్తే చేర్చుకుంటాయి. అందులో ఒక కాలేజీ పరీక్ష మా ఊళ్ళోనే ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద రాయొచ్చు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్. ఇవన్నీ కనుక్కున్నాకే నేను నోరు విప్పాను.

"అయితే ఎన్నేళ్ళు రాత్తావు ఆ పరీచ్చ?" అన్నాడు నాన్న.

ఇక్కడే నా నోరు నా మాట వినలేదు. వాదనలో ఉన్నప్పుడు కావలసిన దానికన్నా పెద్ద మాట అనేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఒక్కసారే రాస్తాను. రాకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తను."

నాన్న తలెత్తి చూశాడు. "సరే" అన్నాడు. మళ్ళీ చేప ముల్లు మీద పడ్డాడు. అంతే, నా జీవితం ఒక్క పరీక్ష మీద కూర్చుంది. కూర్చోబెట్టింది నేనే.

ఎందుకీ చదువు అని అందరూ అడిగారు కాబట్టి అది కూడా చెప్తాను. డిగ్రీ అయ్యాక తామ్వేలోనే ఒక చిన్న ఆస్పత్రిలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర పని దొరికింది. చేరిన నెలకే నా అసలు పని వేరే అయింది. వంతెన అవతల నుంచి, పజుండౌంగ్ సందుల్లోంచి మా తెలుగు ముసలివాళ్ళు వస్తారు. వాళ్ళకి బజారుకు సరిపడే బర్మీస్ వచ్చు, రోగం చెప్పుకునేంత రాదు. నేను వాళ్ళ పక్కన కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా నాకొక పేచీ మొదలైంది. డాక్టరు గారు తర్వాత ఏమడుగుతారోనని నేను ఆత్రంగా చూసేదాన్ని. ఆయన అడగకపోతే, అడగాల్సింది ఇంకేదో ఉందని నాకనిపించేది, కానీ అదేమిటో తెలిసేది కాదు. ఆ తెలియకపోవడం నాకు అవమానంగా ఉండేది. ఒకరి మాట ఇంకొకరికి అందించడానికి నేను బాగానే పనికొచ్చాను. నాకు అది చాలలేదు.

ఇక చదువు మొదలుపెట్టాను. ఎలాగంటారా? యాంగోన్‌లో పిల్లలందరూ ఎలా చదువుతారో అలాగే. గొంతెత్తి. ఇక్కడ చదవడమంటే అరవడమే. సాయంత్రమైతే ప్రతి వీధిలోనూ ప్రతి అంతస్తు నుంచీ పాఠాలు వినబడతాయి. పేజీకి పేజీ అక్షరం పొల్లుపోకుండా గట్టిగా వల్లెవేసి, పరీక్షలో అదే దించేస్తాం. నా డిగ్రీ మొత్తం అలా తెచ్చుకున్నదే. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు మా క్లాసులో లేరు.

మా బాల్కనీ నుంచి కిందికి ఒక తాడు వేలాడుతుంది. ప్రతి ఇంటికీ ఉంటుంది. చివర పేపరో సంచీయో తగిలించడానికి క్లిప్పు ఉంటుంది, ఎవరైనా వచ్చి తాడు లాగితే పైన గంట మోగుతుంది. కరెంటు లేని వేళల్లో ఆ తాడు పక్కన నిలబడి, వీధికంతటికీ గుండె గురించి చెప్పేదాన్ని. కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, మహాధమని. ఇంగ్లీషులో, రాగం తీసి. నెల తిరిగేసరికి కింద కిళ్ళీ కొట్టు ఆవిడ నన్ను ఆపి, "నిన్న ఎడమ కర్ణిక దగ్గర ఆగిపోయావేం? కరెంటు వచ్చిందా?" అని బర్మీస్‌లో అడిగింది. ఆవిడకి కూడా వచ్చేసిందన్నమాట. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇలా అయితే పరీక్ష నాకు లెక్కలోది కాదనుకున్నాను.

ఆ గర్వాన్ని నేలకి దించింది సయామా. బర్మీస్‌లో టీచరమ్మని అలా పిలుస్తాం, మగవాళ్ళయితే సయా, డాక్టర్లని కూడా. ఆవిడ పజుండౌంగ్‌లో, వాగు ఒడ్డున ఒక సందులో ఉంటుంది. ముప్పై ఏళ్ళు బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా, బుగ్గల మీద తనకా చెట్టు బెరడు గంధంతో, కుర్చీలో కూడా నిలబడినట్టే కూర్చుంటుంది. వారానికి మూడు పూటలు చెప్తానంది. మొదటి రోజే ఒక కాగితం ఇచ్చి పరీక్ష పెట్టింది. అందులో ఒక ప్రశ్న నాకింకా గుర్తుంది. కుడి జఠరిక సరిగా పిండలేకపోతే రక్తం ఎక్కడ పేరుకుంటుంది?

నేను మొదటి నుంచీ వల్లెవేసుకున్నాను. కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని. మళ్ళీ వేసుకున్నాను. రాగం బ్రహ్మాండంగా వస్తోంది, జవాబు మాత్రం రావడం లేదు. ఇరవై ప్రశ్నల్లో నాలుగింటికి రాశాను. ఆ నాలుగూ ఉన్నదున్నట్టు అప్పగించమన్నవే.

సయామా కాగితం చూసి తిట్టలేదు. "నీకు అన్నీ వచ్చు. ఏదీ తెలీదు" అంది. తర్వాత తన షరతు చెప్పింది. ఇక మీదట పాఠానికి వచ్చేటప్పుడు ఒక ప్రశ్న పట్టుకు రావాలి. నాకు జవాబు తెలియని ప్రశ్న. అది లేకుండా వస్తే పాఠం ఉండదు, గుమ్మంలోంచే వెనక్కి.

ఇదేం పెద్ద షరతని మీకనిపించవచ్చు. మా ఊళ్ళో పంతుళ్ళని ప్రశ్నలడగరు. వాళ్ళు చెప్తారు, మేం చేతులు కట్టుకుని వింటాం, తలూపుతాం. ఎదురు ప్రశ్న వేస్తే మీరు సరిగా చెప్పలేదు అన్నట్టవుతుంది. ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదన్న ఆ బిడియానికి బర్మీస్‌లో ఆనాడె అని ఒక మాట ఉంది. తెలుగువాళ్ళం వచ్చేటప్పుడు మా మొహమాటం మేం తెచ్చుకున్నాం, ఇక్కడికొచ్చాక దీన్ని కూడా కలుపుకున్నాం. రెండూ కలిసి నోటికి కుట్లు వేసేశాయి.

నేను తెలివైనదాన్ని కదా, ఉపాయం పన్నాను. జవాబు తెలిసిన ప్రశ్నలే తెలియనట్టు మొహం పెట్టి అడిగేదాన్ని. లవణాలు నీళ్ళలో ఎందుకు కరుగుతాయి సయామా? ఆవిడ కళ్ళద్దాల మీంచి చూసి, "దీని జవాబు నీ పుస్తకంలో నలభయ్యో పేజీలో గీత గీసి ఉంది. వెళ్ళిరా" అనేది. మూడుసార్లు గుమ్మంలోంచే తిరిగొచ్చాను. మూడోసారి నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. ట్రైషాలో, అంటే ఇక్కడి సైకిలు రిక్షాలో, కూర్చుని దారి పొడుగునా ఆవిణ్ణి తెలుగులో తిట్టాను. తొక్కేవాడికి భాష రాకపోయినా సంగతి అర్థమై నవ్వుకున్నాడు. పరీక్షకి ఏడు నెలలుంది, నాకున్నది ఒకే పరీక్ష, ఈవిడ నన్ను లోపలికే రానివ్వడం లేదు.

అప్పుడు ఆస్పత్రికి ఒక పెద్ద మామ్మ వస్తుండేది. తన్లిన్ నుంచి, నెలకోసారి. గుండె నీరసపడిందని, ఒంట్లో నీరు చేరుతోందని డాక్టరు గారు నీరు తీసే మాత్ర రోజుకొకటి రాశారు. రెండు నెలలైనా పాదాల వాపు తగ్గలేదు. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉండిపోయేది. ఆ మామ్మ తన తోడికోడలితో కలిసి ఉంటుంది. ఇద్దరికీ భర్తలు పోయారు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే గొడుగు. చర్చిలో ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడతారు. ఒక నెల, బెంచీ మీద తన వంతు కోసం కూర్చుని, మామ్మ నాతో మాటల్లో మాటగా అంది.

"మాత్ర సగం ఇరిసి దానికిత్తన్నానే. దానికీ కాళ్ళు వాపే గదా. ఇద్దరం ఎందుకు బస్సెక్కడం, ఒక్కురు వత్తే సాలదా?"

నేను నవ్వాను. ముచ్చటేసింది కూడా. కాసేపటికి లోపల డాక్టరు గారు, మాత్ర రోజూ వేసుకుంటోందా అని అడిగారు. నేను తెలుగులో అడిగాను. మామ్మ నా వైపు ఒక్క క్షణం చూసి, "ఏసుకుంటన్నానని సెప్పు" అంది. బర్మా డాక్టరు ముందు, మా ముసలావిడ అబద్ధం ఆడిందని నేనెలా చెప్పను? ఆవిడ తల దించుకోవాలి కదా. "వేసుకుంటోంది సయా" అన్నాను. ఆయన తల పంకించి, వచ్చే నెలకి కూడా వాపు తగ్గకపోతే మోతాదు పెంచుదామని కాగితం మీద రాసుకున్నారు.

నాలుగోసారి సయామా గుమ్మం ముందు నిలబడ్డప్పుడు నా దగ్గర దొంగ ప్రశ్నలు కూడా అయిపోయాయి. విసుగుతో, నిజంగా తెలియక, మనసులో ఉన్నది అడిగేశాను.

"జబ్బు గుండెది కదా సయామా, మరి పాదాలెందుకు వాస్తాయి?"

సయామా ఈసారి వెళ్ళిరా అనలేదు. "నాకు తెలీదు" అంది.

ఒక పంతులమ్మ నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. "లోపలికి రా, చూద్దాం" అంది. ఇద్దరం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. గుండె పటం మీద ఆవిడ వేలు, నా వేలు. గుండె ముందుకి తొయ్యలేకపోతోంది. మరి వెనక నుంచి వచ్చేది ఆగదు కదా? అది ఏమవుతుంది? నేను మళ్ళీ రాగం అందుకోబోతే ఆవిడ నా చెయ్యి మీద చిన్న దెబ్బ వేసింది.

ఆ రోజు పున్నమి. చినుకు లేదు. కానీ సందులో పిల్లలు చెప్పులు చేత పట్టుకుని నడుస్తున్నారు. పజుండౌంగ్‌లో పున్నమికి, అమావాస్యకి అదే వరస. పోటు మీదున్నప్పుడు వాగు పొంగి, మురుగు కాలవల్లో నీళ్ళు బయటికి పోలేక వెనక్కి తన్ని, పల్లంగా ఉన్న వీధుల్లోకి ఎక్కుతాయి. పోటు వేళలు నాకు కంఠతా వచ్చు, డిగ్రీలో దాని మీద ఒక వ్యాసమే రాశాను. కిటికీలోంచి ఆ నీళ్ళని చూశాను, పటాన్ని చూశాను.

"ముందుకి పోలేక వెనక్కి తంతుంది" అన్నాను. "అన్నిటికన్నా పల్లమెక్కడో అక్కడ చేరుతుంది. మనిషికి పల్లం పాదాలే కదా సయామా."

సయామా పుస్తకంలో వెతికి, వేలు పెట్టి చూపించింది. నేనన్నదే ఉంది. నేను చదివిన జాగ్రఫీ వృథా పోలేదని గాలిలో తేలిపోయాను. అది ఒక్క నిమిషమే. అలా నిలిచిన నీటిని బయటికి తోడేది ఆ మాత్ర. ఆ మాత్ర సగమే పడుతోంది. ఆ సంగతి డాక్టరు గారికి తెలియదు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, నేనే దాచాను. ఇంత తెలివి ఉన్నదాన్ని, ఇంత మొహమాటానికి ఒక మనిషి ప్రాణాన్ని తాకట్టు పెట్టానా అని సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు సెలవు పెట్టి తన్లిన్ బస్సెక్కాను. మామ్మ వచ్చే నెల వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. వంతెన దాటుతున్నంతసేపూ ఏమడగాలో వరసగా అనుకున్నాను. వాళ్ళింట్లో చాప మీద కూర్చుని, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కటే అడిగాను. రోజూ వేసుకుంటున్నారా? ఇద్దరూనా? ఏ రోజు మానేస్తున్నారు? ఎందుకు?

"బస్సెక్కిన రోజు ఏసుకోను" అంది పెద్ద మామ్మ, నా మొహం కేసి చూడకుండా. "అదేసుకుంటే గంటకోపాలి ఒంటికెళ్ళాలి. వంతెన మీద బస్సాగిపోతే ఏటి సెయ్యను? సిగ్గు గదే."

చర్చికెళ్ళే రోజు మానేస్తుంది. బజారు రోజు మానేస్తుంది. ఆస్పత్రికొచ్చే రోజు సరేసరి. మిగిలిన రోజుల్లో సగం. ఇవన్నీ అప్పటిదాకా ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

చిన్న మామ్మని చూశాను. ఆవిడకి పాదాలే కాదు, పొద్దున లేస్తే కళ్ళ కింద కూడా ఉబ్బు. మూత్రం నురగ నురగగా వస్తోందని అడిగితే చెప్పింది. అదేమిటో నాకు తెలియదు. కానీ పెద్ద మామ్మకి అవి రెండూ లేవని తెలుసు.

"మామ్మా, మీ ఇద్దరిదీ ఒకే రోగమని ఎవరు చెప్పారు?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "కాళ్ళు వాపు గదా ఇద్దరికీ" అంది చిన్న మామ్మ. నలభై ఏళ్ళుగా అన్నీ పంచుకున్నవాళ్ళు. రోగం మాత్రం వేరే అవుతుందని వాళ్ళకి తట్టలేదు.

వారం తిరక్కుండా ఇద్దరినీ తీసుకొచ్చాను. పొద్దుటి మాత్ర సాయంత్రం ఇంటికెళ్ళాక వేసుకోవచ్చా అని ఈసారి నేనే అడిగాను. డాక్టరు గారు మధ్యాహ్నం ఇంటికి చేరగానే వేసుకోమన్నారు. చిన్న మామ్మకి రక్త పరీక్ష, మూత్ర పరీక్ష రాశారు. ఆవిడది గుండె కానే కాదు, మూత్రపిండాలు. ఇంకో ఏడాది ఆగితే చెయ్యి దాటిపోయేదట. మొత్తం విన్నాక ఆయన పెన్ను పక్కన పెట్టి నన్ను చూశారు.

"సగం మాత్ర సంగతి నీకు ముందే తెలుసా?"

తెలీదనొచ్చు. పక్కనున్న మామ్మలకి ఆ బర్మీస్ అర్థమయ్యేది కాదు. "తెలుసు సయా" అన్నాను.

"ఇక మీద వడకట్టకు" అన్నారాయన. అంతే అన్నారు. ఆ రోజు నుంచి వడకట్టలేదు. ముసలివాళ్ళు కొందరు నా మీద అలిగారు కూడా. అలిగితే అలగనీ అనుకున్నాను.

ఆ తర్వాత సయామా గుమ్మం నన్ను ఆపలేదు. ఒక ప్రశ్న తెమ్మంటే ఐదు తీసుకెళ్ళేదాన్ని. సగం ఆవిడకీ తెలిసేవి కావు, అప్పుడు పాఠం ఇంకా బాగుండేది. బాల్కనీలో వల్లెవేయడం మానేశాను. కిళ్ళీ కొట్టు ఆవిడ చదువు మానేశావా అని బెంగపడితే, ఇప్పుడే మొదలుపెట్టానని చెప్పాను. బయాలజీ నాకు ఎంత ఇష్టమైపోయిందంటే, పొద్దున టీ చల్లారిపోయేదాకా మూత్రపిండాలే చదువుకునేదాన్ని. కెమిస్ట్రీ సయామాది కాబట్టి దానికి భయం లేదు. ఫిజిక్స్ ఒకటుంది. రేపు చూద్దాం, వచ్చే వారం చూద్దాం అనుకుంటూ పోయాను. ఇష్టమైన దాని చుట్టూ తిరగడం ఎంత హాయో, ఇష్టం లేనిదాన్ని వాయిదా వేయడం కూడా అంతే హాయిగా ఉంటుంది.

పరీక్ష రోజున నాకు భయం వెయ్యలేదు. బయాలజీ ప్రశ్నలు చూస్తే నవ్వొచ్చింది. వాళ్ళు ఎటు తిప్పి అడిగినా నాకు తోవ కనబడింది. కెమిస్ట్రీ ఊపిరి పీల్చుకుంటూ చేశాను. ఫిజిక్స్‌లో మూడో ప్రశ్న నుంచే గడియారం చప్పుడు వినబడడం మొదలైంది.

మూడు వారాలకి ఫలితం వచ్చింది. ఆస్పత్రి బల్ల దగ్గరే ఫోనులో చూశాను. వాళ్ళు చేర్చుకునే మార్కుకి నేను నాలుగు తక్కువ. బయాలజీ పక్కన అంకె చూస్తే ఎవరికైనా కన్ను కుట్టాలి. ఫిజిక్స్ పక్కన అంకె నేనెవరికీ చెప్పదలుచుకోలేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే, నాకు బాగా తెలుసు. ఒక్క నెల దాని మీద కూర్చుని ఉంటే నాలుగేం ఖర్మ, నలభై వచ్చేవి. నాకు రాదని కాదు, రాసేటప్పుడే తెలిసింది, ఇది నాకు వచ్చే విద్యేనని. ఆ కోపమే ఎక్కువ కాల్చింది.

కానీ మాటిచ్చాను. ఒక్కసారే అన్నాను. మాట తప్పే మనిషిని కాదని నాకు పెద్ద పేరు, అది కూడా నేను పెట్టుకున్నదే. ఇంటికెళ్ళి పుస్తకాలన్నీ ఒక బియ్యం సంచిలో సర్దాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. సంచి మూతికి తాడు బిగించి, ఇక విప్పే పని లేదన్నట్టు ముడి వేశాను.

చీకటి పడకముందే నాన్న వచ్చాడు. నాలుగంతస్తులెక్కిన ఆయాసంతో గోడకి చెయ్యి ఆనించి, సంచి చూశాడు.

"ఇదేటి?"

"పరీక్ష పోయింది నాన్నా. నాలుగు మార్కులు. ఒక్కసారే అన్నాను కదా, అయిపోయింది."

గొంతు మామూలుగానే పెట్టాననుకున్నాను. నాన్న చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. నీళ్ళు తాగాడు. వచ్చి సంచి ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఒక్కసారని అన్నది నువ్వు. నానన్నానా?"

"నువ్వు సరే అన్నావు."

"నువ్వు అరుత్తుంటే సరే అన్నాను. చేప సల్లారిపోతంది మరి."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బింకం వదలకుండా, మాటంటే మాటేనని ఏదో మొదలుపెట్టాను. ఆయన వినడం లేదు. సంచికి నేను బిగించిన ముడి విప్పుతున్నాడు. ముడి గట్టిగా పడిందేమో, గోళ్ళతో కష్టపడుతున్నాడు. తల దించుకునే చెప్పుకొచ్చాడు.

"ఆ మామ్మలిద్దరూ ఉన్నారు గదా, తన్లిన్లో. మూడ్నెల్ల కాడ్నుంచి సాయంత్రం బజారు నుంచి ఇంటికి నా బస్సులోనే ఎల్తన్నారు. నాను ఎక్కితే సాలు, డాక్టరమ్మ నాన్నొచ్చాడు, జరగండి జరగండి అని బస్సులో ఉన్నోల్లందర్నీ జరుపుతారు. వొద్దంటే ఇనరు. ముసిలోల్లు జరిగి సోటిత్తే కూకోకుండా ఎలా ఉంతాను? ఆల్లు ఎక్కినప్పుడల్లా కూకుంటన్నాను."

ముడి ఊడింది. పైనున్న పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టాడు. అది ఫిజిక్స్ అని ఆయనకి తెలియదు.

"ఇప్పుడెల్లి ఆ సోట్లోంచి నన్ను లెగమంటావేటే?" అన్నాడు.